కరెంటు పోయొచ్చాక ఈఎక్స్‌టీ4 మొరాయిస్తే

మా ఇంట్లో డెస్క్‌టాప్‌కి చాలాకాలం యూపీఎస్ లేదు. ఎండాకాలంలో కరెంటు పోవడం, మిషన్ టక్కున ఆరిపోవడం, వచ్చాక మళ్ళీ ఆన్ చేసుకోవడం మామూలే. చాలాసార్లు లినక్స్ ఏమీ జరగనట్టే లేచేది. లేవకుండా సతాయించిన రోజుల్లో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఈఎక్స్‌టీ4 అంటే లినక్స్‌లో డిస్క్ మీద ఫైళ్ళను అమర్చి పెట్టే ఫైల్‌సిస్టమ్. ముందు దాని జర్నల్ సంగతి. పాతకాలం కిరాణా కొట్లో షావుకారు బేరం జరిగినప్పుడల్లా చిట్టాలో గబగబా రాసుకుని, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. మధ్యలో లేవాల్సి వచ్చినా చిట్టా ఉంది కాబట్టి లెక్క తప్పదు. జర్నల్ అంటే ఆ చిట్టా. కానీ మామూలు సెట్టింగులో, అంటే ఆర్డర్డ్ మోడ్‌లో, ఈ చిట్టాలోకి ఎక్కేది ఫైల్ పేరు, సైజు, డిస్క్ మీద ఏ బ్లాకుల్లో (చిన్న చిన్న గళ్ళల్లో) ఉంది లాంటి వివరాలే. ఫైల్లోపలి సరుకు అందులో ఉండదు. సగం గందరగోళం ఇది తెలియకే వస్తుంది.

సమస్య: బూట్ అవుతుంటే "రికవరింగ్ జర్నల్" అని వచ్చింది

ఏమీ చేయకండి. చిట్టాలో మిగిలినవి ఆవర్జాలోకి ఎక్కుతున్నాయి, అంతే. సాధారణంగా ఒకట్రెండు సెకన్ల పని. దాని కింద "క్లీన్" అని, ఎన్ని ఫైళ్ళు, ఎన్ని బ్లాకులు అని ఒక లైను వస్తే గండం గడిచినట్టే.

సమస్య: నల్ల స్క్రీన్ మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటే అసలు సిస్టమ్ లేచేముందు నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్. పైన "అన్ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ" అని ఉంటుంది. ఎఫ్‌ఎస్‌సీకే అంటే ఫైల్‌సిస్టమ్‌ని చెక్ చేసి రిపేర్ చేసే కమాండ్. ఈ మెసేజ్ మొదటిసారి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. కారణం ఏంటంటే, జర్నల్ ఎక్కించాక కూడా లెక్కల్లో తేడా మిగిలింది. బూట్‌లో తనంతట తాను నడిచే చెకింగ్ ప్రమాదం లేని రిపేర్లే చేస్తుంది, అనుమానం వస్తే మిమ్మల్ని పిలుస్తుంది.

అదే మెసేజ్‌లో పార్టిషన్ పేరుంటుంది. మా మిషన్లో అది ఎస్‌డీఏ2. చాలామంది వెంటనే "ఎఫ్‌ఎస్‌సీకే -వై" కొట్టేస్తారు. అది అన్నిటికీ అవునని తల ఊపేస్తుంది. నేనైతే ముందు "ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్ /డెవ్/ఎస్‌డీఏ2" అని కొడతాను. అది దేన్నీ ముట్టుకోకుండా తప్పులు మాత్రం చూపిస్తుంది.

వచ్చిన జాబితాను ఇలా చదవాలి. "ఫ్రీ బ్లాక్స్ కౌంట్ రాంగ్" అంటే కూడికలో తేడా, ధైర్యంగా సరిచేయించొచ్చు. "ఆర్ఫన్డ్ ఐనోడ్" అంటే చాలావరకు డిలీట్ అవుతూ ఆగిపోయిన ఫైలు, అదీ ఫర్వాలేదు. "మల్టిప్లీ-క్లెయిమ్డ్ బ్లాక్స్" కనబడితే మాత్రం ఆగండి. ఒకే బ్లాకు నాదంటే నాదని రెండు ఫైళ్ళు కొట్టుకుంటున్నాయన్నమాట. రిపేర్ చేస్తే రెండిటికీ చెరో కాపీ ఇస్తుంది గానీ, లోపలి సరుకు ఒక్కదానిదే అయ్యుంటుంది. ముఖ్యమైన ఫైళ్ళుంటే లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌తో) బూట్ చేసి ముందు కాపీ తీసుకోండి.

చిన్న తేడాలే అయితే "ఎఫ్‌ఎస్‌సీకే -వై" నడిపి, అయ్యాక "ఎగ్జిట్" కొడితే బూట్ అక్కడి నుంచి ముందుకు సాగుతుంది. పేరు పోగొట్టుకున్న ఫైళ్ళు లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్లో హ్యాష్ గుర్తు, ఒక నంబరు పేరుగా పెట్టుకుని కూర్చుంటాయి. "ఫైల్" కమాండ్ ఇస్తే ఏది ఫొటోనో ఏది పీడీఎఫో చెబుతుంది.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. వాడుకలో ఉన్న, అంటే మౌంట్ అయి రాతకి తెరిచి ఉన్న పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే రిపేర్ నడపకండి. బాగున్నదాన్ని చేజేతులా పాడు చేసుకుంటారు.

సమస్య: పని చేస్తుండగా "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అంటోంది, ఏదీ సేవ్ కావట్లేదు

డెబియన్, ఉబుంటుల్లో చాలాచోట్ల రూట్ పార్టిషన్‌కి (సిస్టమ్ ఉండే పార్టిషన్‌కి) ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, అంటే ఏ పార్టిషన్‌ని ఎలా మౌంట్ చేయాలో రాసి ఉండే ఫైల్లో, "ఎర్రర్స్=రీమౌంట్-ఆర్ఓ" అని ఉంటుంది. కెర్నల్‌కి తప్పు కనబడగానే ఇంక రాయనివ్వదు. విసుగొచ్చి మళ్ళీ రాసే మోడ్‌లోకి మార్చేవాళ్ళను చూశాను. ఒంట్లో జ్వరం ఉంటే థర్మామీటర్ని విరగ్గొట్టినట్టు!

కెర్నల్ మెసేజ్‌లు చూపే "డీఎంఈఎస్‌జీ" కొట్టి "ఈఎక్స్‌టీ4-ఎఫ్ఎస్ ఎర్రర్" లేదా "అబార్టింగ్ జర్నల్" ఎక్కడుందో చూడండి. అంతకంటే కీలకం దానికి పైనున్న లైన్లు. అక్కడ "ఐ/ఓ ఎర్రర్" ఉంటే ఫైల్‌సిస్టమ్ నిర్దోషి, అసలు రోగం డిస్క్‌దో కేబుల్‌దో. డిస్క్ ఆరోగ్యం చూపే "స్మార్ట్‌సీటీఎల్ -ఎ /డెవ్/ఎస్‌డీఏ" ఇచ్చి, హార్డ్‌డిస్క్ అయితే "కరెంట్ పెండింగ్ సెక్టర్", "యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్" రెండూ చూడండి. మొదటిది సున్నా దాటిందంటే చదవలేని సెక్టర్లున్నట్టు. రెండోది పెరుగుతుంటే చాలాసార్లు సాటా కేబుల్ వదులైందనే. నా డిస్క్ పోయిందనుకుని కొత్తది కొనబోయే ముందు కేబుల్ మార్చి చూశాను, ఆ బాధ అంతటితో తీరింది. పాత కౌంటు వెనక్కి తగ్గదు, కాబట్టి ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

డిస్కే చచ్చిపోతుంటే లైవ్ యూఎస్‌బీ నుంచి "మౌంట్ -ఓ ఆర్ఓ,నోలోడ్" అని ఎక్కించి డేటా లాక్కోండి. ఉత్త "ఆర్ఓ" చాలదు. జర్నల్లో మిగిలి ఉంటే ఈఎక్స్‌టీ4 రీడ్-ఓన్లీ మౌంట్‌లో కూడా దాన్ని ఎక్కిస్తుంది, అంటే డిస్క్ మీద రాస్తుంది. నోలోడ్ ఆ పని ఆపుతుంది.

సమస్య: బూట్ బాగానే అయింది, కానీ కరెంటు పోవడానికి కాస్త ముందు సేవ్ చేసిన ఫైల్ సైజు సున్నా

పేరుంది, సరుకు లేదు. ఈఎక్స్‌టీ4 ఫైల్ డేటాకి వెంటనే బ్లాకులు కేటాయించదు, కొన్ని సెకన్లు మెమరీలోనే పెట్టుకుంటుంది. 2008 డిసెంబరులో 2.6.28 కెర్నల్‌తో ఈఎక్స్‌టీ4 స్థిరమైన రూపంలో వచ్చాక దీని మీద పెద్ద గొడవే అయింది. 2009లో 2.6.30 కెర్నల్‌తో, పాత ఫైల్ స్థానంలోకి కొత్తది వచ్చే సందర్భాలకి కాపలా పెట్టారు. అప్పుడే పుట్టిన కొత్త ఫైల్‌కి మాత్రం ఇప్పటికీ ముప్పుంది.

పోయింది ఎఫ్‌ఎస్‌సీకేతో తిరిగిరాదు. జాగ్రత్త ముందే పడాలి: ముఖ్యమైనది సేవ్ చేశాక "సింక్" కొట్టండి, మెమరీలో ఉన్నది డిస్క్ మీదికి వెళ్తుంది. మీరే ప్రోగ్రాం రాస్తుంటే టెంపరరీ ఫైల్లో రాసి, ఎఫ్‌సింక్ చేసి (ఆ ఒక్క ఫైల్‌ని డిస్క్ మీదికి రాయించి), ఆ తర్వాత పేరు మార్చండి. "డేటా=జర్నల్" మోడ్ పెట్టుకుంటే సరుకూ చిట్టాలోకి ఎక్కుతుంది గానీ, ప్రతిదీ రెండుసార్లు రాయాలి. సొంత కంప్యూటర్‌కి అనవసరమని నా అభిప్రాయం. అంత స్పీడు కోల్పోవడం కంటే చిన్న యూపీఎస్ కొనుక్కోవడమే మేలు.

సమస్య: ఐఓటాప్‌లో జేబీడీ2 ఎప్పుడూ పైనే ఉంటోంది

ఐఓటాప్ అంటే ఏ ప్రోగ్రాం డిస్క్‌ని ఎంత వాడుతోందో చూపే కమాండ్. జేబీడీ2 చిట్టా రాసే గుమాస్తా. వాణ్ణి తిట్టి లాభం లేదు, పని చెబుతున్నది ఎవరో చూడాలి. "ఐఓటాప్ -ఓపీఏ" (మొదటి ఓ చిన్నది, పీ పెద్దది, ఏ చిన్నది) కాసేపు వదిలేస్తే దొరుకుతుంది. మా దగ్గర అది బ్రౌజర్.

సమస్య: ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని ఎవరో చెబితే జర్నల్ తీసేశాను

పార్టిషన్‌ని అన్‌మౌంట్ చేయండి, రూట్ అయితే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయండి. "ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్" నడిపి తప్పులేమీ లేవని తేలాక "ట్యూన్2ఎఫ్ఎస్ -జే" కొడితే జర్నల్ తిరిగొస్తుంది, ఫార్మాట్ అక్కర్లేదు. "డంప్ఈ2ఎఫ్ఎస్ -హెచ్" ఇచ్చినప్పుడు ఫీచర్ల లైన్లో "హ్యాజ్_జర్నల్" కనబడితే పని అయినట్టే.