తక్కువ ఖర్చుతో మొదటి టెలిస్కోపు: ఎంపికలో చూసుకోవలసిన విషయాలు

తక్కువ ధర టెలిస్కోపుల పెట్టెల మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో కనిపించేది "525 రెట్లు పెద్దదిగా చూపుతుంది" వంటి ప్రకటన. మొదటిసారి కొనేవారు పట్టించుకోకుండా వదిలేయవలసింది సరిగ్గా దానినే. టెలిస్కోపు నాభ్యంతరాన్ని (కటకం లేదా అద్దం నుంచి అది కాంతిని కేంద్రీకరించే చోటు వరకు ఉన్న దూరాన్ని), ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేదే ఆవర్ధనం, అంటే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో ఆ సంఖ్య. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న గొట్టానికి 4 మిల్లీమీటర్ల ఐపీస్ తగిలిస్తే 175 రెట్లు వస్తుంది, మధ్యలో ఆవర్ధనాన్ని మూడు రెట్లు చేసే బార్లో కటకం చేర్చితే అదే 525 అవుతుంది. లెక్క తప్పు కాదు గాని, అంత ఆవర్ధనంలో కనిపించేది మసకబారిన మచ్చ మాత్రమే. ముందున్న కటకం లేదా అద్దం వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకు రెండు రెట్లు అన్నది అనుభవజ్ఞులు పాటించే హద్దు. ఆ ప్రకారం 70 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు 140 రెట్లు దాటితే ప్రయోజనం లేదు. నిజానికి అంత అవసరమూ తరచుగా రాదు. భూమికి దగ్గరగా ఉన్న రోజుల్లో గురుగ్రహం 40 రెట్ల ఆవర్ధనంలోనే, మామూలు కంటికి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంత పరిమాణంలో కనిపిస్తుంది.

కాబట్టి మొదట అడగవలసింది వ్యాసం ఎంత అని. చీకటిలో బాగా విచ్చుకున్న కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు ఉంటుంది. 70 మిల్లీమీటర్ల కటకం దానికి వంద రెట్ల కాంతిని పోగుచేస్తుంది. 130 మిల్లీమీటర్ల అద్దం వైశాల్యం ఆ కటకానికి దాదాపు మూడున్నర రెట్లు. కటకంతో పనిచేసే రకంలో 70, అద్దంతో పనిచేసే న్యూటన్ రకంలో 114 మిల్లీమీటర్లకు తగ్గకుండా తీసుకోవడం మంచిది. కటకం రకానికి సర్దుబాట్ల బెడద తక్కువ, కాకపోతే ప్రకాశవంతమైన వస్తువుల అంచున కొద్దిగా ఊదారంగు కనిపిస్తుంది. న్యూటన్ రకం అదే ఖర్చుకు ఎక్కువ వ్యాసం ఇస్తుంది గాని అద్దాల అమరికను అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి: నాభ్యంతరం 1000 మిల్లీమీటర్లు అని రాసి ఉండి, గొట్టం పొడవు మాత్రం అందులో సగం కూడా లేని 114 మిల్లీమీటర్ల న్యూటన్ రకం ఎదురైతే, లోపల అదనపు కటకం అమర్చి నాభ్యంతరాన్ని పెంచారని అర్థం. చవక రకాల్లో ఈ ఏర్పాటు వల్ల బొమ్మ స్పష్టత దెబ్బతింటుంది, అమరిక సరిచేయడమూ కష్టమవుతుంది.

వ్యాసం తరువాత, నా దృష్టిలో దానితో సమానంగా, చూడవలసింది స్టాండు. చవక టెలిస్కోపుల్లో తయారీదారులు ఎక్కువగా పొదుపు చేసేది ఇక్కడే. సన్నటి కాళ్ల స్టాండు మీద ఎంత మంచి కటకం ఉన్నా, ఫోకస్ మర తిప్పిన ప్రతిసారీ చంద్రుడు గజగజ వణుకుతాడు. వణుకు ఆగేసరికి అతడు కనుచూపులోంచి జరిగిపోతాడు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక, 140 రెట్ల ఆవర్ధనంలో ఒక గ్రహం కనిపించే పరిధిని సుమారు నిమిషంన్నరలోనే దాటిపోతుంది, దాన్ని చేత్తో మెల్లగా వెంబడిస్తూ ఉండాలి. కొనేముందు వీలైతే దూరంగా ఉన్న ఏదైనా స్తంభం మీద గురి నిలిపి, గొట్టాన్ని వేలితో ఒకసారి తట్టి చూడండి. రెండు మూడు సెకన్లలో బొమ్మ నిలకడపడితే సరే, అంతకు మించి ఊగుతూ ఉంటే ఆ స్టాండు వద్దు. కొత్తవారికి, ఆకాశం తిరిగే అక్షానికి సమాంతరంగా అమర్చుకోవలసిన ఈక్వటోరియల్ స్టాండు కంటే, పైకీ కిందికీ, పక్కలకూ తిరిగే సాదా స్టాండే నయం. జాన్ డాబ్సన్ పేరుతో ప్రసిద్ధమైన డాబ్సోనియన్ పద్ధతిలో గొట్టం ఒక చెక్క పీఠం మీద తిరుగుతుంది. కాళ్ల ఖర్చు ఉండదు కనుక డబ్బంతా అద్దానికే పోతుంది. గట్టి బల్ల గనుక ఇంట్లో ఉంటే 114 లేదా 130 మిల్లీమీటర్ల బల్లమీది డాబ్సోనియన్ కంటే మంచి ఆరంభం నాకు తెలియదు.

ఐపీస్‌ల విషయంలో 1.25 అంగుళాల కొలతవే తీసుకోవాలి, పాత 0.965 అంగుళాల కొలతకు మంచివి దొరకడం కష్టం. 25, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లు రెండుంటే మొదట్లో చాలు. డబ్బు మిగిలితే తరువాత ప్లోసెల్ అనే మెరుగైన రకం ఐపీస్ ఒకటి కొనుక్కోవచ్చు. ఇవేవీ అందుబాటు ధరలో లేకపోతే, నాసిరకం టెలిస్కోపుకు బదులు 10×50 (పది రెట్లు పెద్దదిగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న) బైనాక్యులర్ కొనడమే తెలివైన పని. కృత్తికలు అందులోనే ఎక్కువ అందంగా ఉంటాయి.

ఏం కనిపిస్తుందో ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. చంద్రుడి బిలాలు, గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు, శుక్రుడి కళలు, శని వలయాలు చిన్న టెలిస్కోపులోనూ కనిపిస్తాయి. ఆండ్రోమెడా గెలాక్సీ మాత్రం బూడిదరంగు పొగలా ఉంటుంది. ఫోటోల్లోని రంగులు గంటల తరబడి కాంతిని పోగుచేసే కెమెరాకే గాని కంటికి దక్కవు. పౌర్ణమి నాడు బిలాల నీడలు ఉండవు కనుక, మొదటి పరిశీలనకు అర్ధచంద్రుడున్న రాత్రిని ఎంచుకోవాలి. అంతకుముందే పగటిపూట, సూర్యుడికి దూరంగా ఉన్న ఏదైనా గుర్తు మీద, గురి చూడడానికి గొట్టానికి అమర్చిన చిన్న సాధనమైన ఫైండర్‌ను గొట్టంతో సరిచూసి పెట్టుకోవాలి, లేకపోతే చీకట్లో చంద్రుణ్ణి పట్టుకోవడమే గగనమవుతుంది.

పెట్టెలో ఐపీస్‌కు బిగించే సూర్య ఫిల్టరు వస్తే దాన్ని వెంటనే పారేయండి. కటకం కేంద్రీకరించిన వేడికి అది పగిలితే చూపు శాశ్వతంగా పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందుభాగాన్ని పూర్తిగా కప్పే, అందుకోసమే తయారైన ఫిల్టరు ఉండాలి. అప్పుడు కూడా ఫైండర్‌కు మూత పెట్టాలి.