మీ ఊరి బస్‌స్టాపుకి షెడ్డు కావాలా?

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి: పంచాయతీదా, ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ)దా, జాతీయ రహదారా? నేనది అడక్కుండా అర్జీ పెట్టి ఆర్నెల్లు తిరిగాను. గ్రామసభ తీర్మానం కాపీ, స్టాపు ఫొటో పట్టుకుని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. రసీదు మరవొద్దు. ఎంపీ లాడ్స్, అంటే ఊళ్ల పనులకి ఎంపీ సిఫార్సు చేసే నిధులతోనూ కట్టించొచ్చు.

రేకులకి మాత్రం ఒప్పుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి టెక్కలి దగ్గర మా స్టాపు రేకులు జీడితోటలో తేలాయి. స్లాబే వేయించండి. బస్సు వచ్చే వైపు ఖాళీగా వదలాలి. మాకు సరిగ్గా అటే గోడ కట్టేశారు. షెడ్డుండీ ఎండలోకొచ్చి తొంగిచూస్తున్నాం. ఒక పక్క పిట్టగోడ ఛాతీ ఎత్తున ఉంటే, నెత్తి మీది జీడిపిక్కల బస్తా ఎవరి సాయం లేకుండా దించుకోవచ్చు.