హవాయిలో మీ పిల్లల స్కూల్ మే డే ప్రోగ్రాంకి ఇలా రెడీ అవ్వండి

మే డే అంటే మనకు ఎర్రజెండాలే గుర్తొస్తాయి. హవాయిలో మాత్రం అది పూలదండల పండగ, 1928 నుంచి జరుగుతున్న లే డే (లే అంటే హవాయి భాషలో పూలదండ). ఎలిమెంటరీ స్కూళ్లలో అయితే క్లాసుకో హులా (హవాయి సంప్రదాయ నృత్యం) చొప్పున ఏడాది మొత్తానికి పెద్ద సందడి అదే. కొత్తగా అక్కడికి మారినవాళ్లయితే, స్కూల్ నుంచి కబురు రాగానే ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ గడ్డి స్కర్టు మాత్రం కొనేయకండి. గడ్డి స్కర్టు అసలు హవాయిది కాదు, పసిఫిక్‌లోనే ఉన్న గిల్బర్ట్ దీవుల నుంచి వచ్చింది, పైగా హవాయి వాళ్లకు అది వేళాకోళం చేసినట్టు ఉంటుంది.

ముందు టీచర్ని అడగాల్సింది, చేసేది కహికోనా, ఔఆనానా అని. కహికో పాత పద్ధతి, ఇపు అనే సొరబుర్ర దరువు మీద మంత్రంలా సాగుతుంది. ఔఆనా కొత్త పద్ధతి, దానికి ఉకులేలే (చిన్న గిటార్ లాంటిది), గిటార్ ఉంటాయి. బట్టలు, దండలు అన్నీ దాన్నిబట్టే.

ఇంట్లో ప్రాక్టీస్ చేయించేటప్పుడు అడుగుల కంటే ముందు పాట నేర్పించండి, ఎందుకంటే హులాలో కథ చెప్పేది చేతులు, ఏ మాటకు చెయ్యి అలా కదులుతుందో తెలియకపోతే పిల్లలు పక్కవాళ్లని చూసి కాపీ కొడుతూ ఉంటారు. చెయ్యి ఎటో చూపూ అటే, కాబట్టి కూచిపూడి నేర్చుకున్న పిల్లలకు సగం పని అయిపోయినట్టే, కాకపోతే వాళ్లు కాళ్లు గట్టిగా తాటిస్తారు, అది మాన్పించాలి. మోకాళ్లు వంచి, పాదం మెత్తగా వెయ్యాలి. ఉచ్చారణ విషయంలో బద్ధకించొద్దు. పాటలు ఉండేది హవాయి భాషలో. 1896 చట్టంతో స్కూళ్లలోంచి గెంటేసిన భాష అది, మళ్లీ అధికార భాష అయింది 1978లో, అందుకే ఆ పాటల్ని పెద్దవాళ్లు చాలా శ్రద్ధగా వింటారు.

పెద్ద క్లాసుల పిల్లల్ని రాజు, రాణి, దీవుల యువరాణులుగా ఎంపిక చేస్తారు. మీ అమ్మాయి అందులో ఉంటే ఏ దీవో కనుక్కున్నాకే బట్టలు కొనండి. ఒక్కో దీవికి ఒక్కో రంగు: ఒవాహుకి పసుపు, మావీకి గులాబీ, పెద్ద దీవి హవాయికి ఎరుపు. నీహావుది తెలుపు, దాని దండ పూలతో కాదు, గవ్వలతో.

దండ మీరే కట్టాలనుకుంటే దేవగన్నేరు తేలిక. ఒక దండకి సుమారు 50 పూలు పడతాయి. కోశాక పాలు కారడం ఆగేదాకా ఉంచి, పొడవాటి సూదితో పువ్వు నడిమికి గుచ్చుకుంటూ పోవడమే. ముందురోజు సాయంత్రమే కట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, తడి మాత్రం తగలనివ్వొద్దు, మచ్చలు పడతాయి. మెడలో వేసేటప్పుడు సగం ముందుకి, సగం వీపు మీదకి వేలాడాలి. మీకు ఎవరైనా వేస్తే వద్దనకండి, వాళ్ల ముందే తీసేయకండి. గర్భిణులకు మాత్రం చివరలు ముడివేయని దండ వేస్తారు. వాడిపోయాక చెత్తబుట్టలో పడెయ్యకుండా దారం తీసేసి పూలని మట్టిలో కలిపేస్తారు.

ఇక ఆ రోజు శంఖం ఊదగానే మాటలు ఆపాలి, 'హవాయి పోనోయీ' పాడేటప్పుడు లేచి నిలబడాలి. కలకౌవా రాజు రాసిన ఆ పాటే ఇప్పుడు రాష్ట్ర గీతం. గ్రౌండ్‌లో అయితే ఎండ మామూలుగా ఉండదు, టోపీ, నీళ్లు, కింద పరుచుకోడానికి చాప తీసుకెళ్లండి. వీడియో కూర్చునే తీయండి, వెనకాల ఉన్నవాళ్లకూ పిల్లలు ఉంటారుగా. మీ పిల్లల ఐటమ్ అవగానే లేచి పోకుండా చివరిదాకా ఉండండి.