కాషన్ డిపాజిట్, ఫీజు వాపసు: యూనివర్సిటీ ఫైనాన్స్ విభాగంలో దరఖాస్తు ఎలా కదులుతుంది

కోర్సు పూర్తయి టీసీ చేతికి వచ్చినా, అడ్మిషన్ రోజు కట్టిన కాషన్ డిపాజిట్ (చివర్లో తిరిగి ఇవ్వాల్సిన హామీ సొమ్ము) మాత్రం చాలామందికి రాదు. మధ్యలో సీటు వదులుకున్నవాళ్లది ఇంకో బాధ. ఫైనాన్స్ సెక్షన్‌కు వెళ్తే కాలేజీలో కనుక్కోమంటారు, కాలేజీకి వెళ్తే ఫైల్ ఫైనాన్స్‌కు పంపేశామంటారు. ఈ తిప్పటలో సగం, ఎవరి పని ఏమిటో మనకు తెలియకపోవడం వల్లే.

ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఫైనాన్స్ విభాగం డబ్బు మంజూరు చేయదు, మంజూరైన డబ్బు చెల్లిస్తుంది. మీకు రావాలా వద్దా, ఎంత రావాలి అన్నది తేల్చేది మీ కాలేజీ ప్రిన్సిపాలో, అడ్మిషన్ల విభాగమో, రిజిస్ట్రార్ కార్యాలయమో. వాళ్ల ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, లేకుండా ఫైనాన్స్ ఆఫీసర్ గది ముందు ఎంతసేపు నిల్చున్నా లాభం లేదు.

లోపల ఎవరెవరు ఉంటారు

ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ లాంటి రాష్ట్ర యూనివర్సిటీలైనా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివైనా విభాగానికి పెద్ద ఫైనాన్స్ ఆఫీసరే. ఆయన కింద డిప్యూటీ, అసిస్టెంట్ రిజిస్ట్రార్లు, వాళ్ల కింద సూపరింటెండెంట్లు, అందరికంటే కింద డీలింగ్ అసిస్టెంట్. మీ కాగితాన్ని మొదట చదివేది ఆ అసిస్టెంటే. నోట్ రాసి పైకి పంపేదీ, ఏదైనా తక్కువైతే తిప్పి పంపేదీ కూడా ఆ కుర్చీయే. అందుకే దరఖాస్తు వైస్ ఛాన్సలర్‌ను మెప్పించేలా కాకుండా ఆ అసిస్టెంట్‌కు పని తేలికయ్యేలా రాయాలి.

సెక్షన్ల పేర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నా పనులు దాదాపు అవే. జీతాలు, పెన్షన్లు ఒకచోట, బడ్జెట్ ఒకచోట, పరిశోధన ప్రాజెక్టుల నిధులు వేరేచోట చూస్తారు. ఫీజులు, డిపాజిట్ల లెక్క చూసే సీటు ఇంకొకటి. విద్యార్థికి పని పడేది ఎక్కువగా ఈ చివరి సీటుతోనే. వీటన్నిటి మీదా ఆడిట్ కూడా ఉంటుంది. రాష్ట్ర యూనివర్సిటీల లెక్కలు రాష్ట్ర ఆడిట్ శాఖ చూస్తుంది, కేంద్ర యూనివర్సిటీలవి కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) చూస్తుంది. ఆడిట్ అభ్యంతరం రాస్తుందన్న భయంతోనే అసిస్టెంట్ ప్రతి కాగితానికీ ఒరిజినల్ అడుగుతాడు. అది మీ మీద కోపం కాదు.

కాషన్ డిపాజిట్ వేరు, ఫీజు వేరు

ఈ తేడా తెలిస్తే దరఖాస్తు సగం రాసినట్టే. కాషన్ డిపాజిట్ యూనివర్సిటీ ఆదాయం కాదు. అది మీ సొమ్మే, వాళ్ల దగ్గర దాచిపెట్టినట్టు డిపాజిట్ల పద్దులో ఉంటుంది. తిరిగి ఇవ్వాలంటే మీరు కట్టిన నాటి ఎంట్రీ దొరకాలి. కాబట్టి రసీదు నంబరు, కట్టిన తేదీ, అడ్మిషన్ సంవత్సరం ముఖ్యం. ఎస్‌బీఐ కలెక్ట్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సైట్‌లో కట్టి ఉంటే డీయూ అక్షరాలతో మొదలయ్యే రిఫరెన్స్ నంబరు రాయండి. రసీదు పోయినా అదే సైట్‌లో పేమెంట్ హిస్టరీకి వెళ్లి మళ్లీ ప్రింట్ తీసుకోవచ్చు.

ఫీజు అలా కాదు. అది ఆదాయం పద్దులో జమ అయిపోయింది. వెనక్కి ఇవ్వాలంటే నిబంధన చూపించి మంజూరు తీసుకోవాలి. ఆ నిబంధన యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్. ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు సీటు వదులుకుంటే పూర్తి ఫీజు ఇవ్వాలి. ఇందులో ప్రాసెసింగ్ కింద 5 శాతం వరకు, గరిష్ఠంగా ₹5,000 మాత్రమే పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల కంటే తక్కువ గడువు మిగిలి ఉంటే 90 శాతం వస్తుంది. తేదీ దాటాక 15 రోజుల లోపు 80 శాతం, 15 దాటి 30 రోజుల లోపు అయితే 50 శాతం. 30 రోజులు దాటితే ఫీజు మీద ఆశ వదులుకోవాలి. కాషన్ డిపాజిట్, సెక్యూరిటీ డిపాజిట్ మాత్రం అప్పుడైనా పూర్తిగా ఇవ్వాల్సిందే. రాతపూర్వక దరఖాస్తు అందిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది.

కొన్ని సంవత్సరాలకు యూజీసీ విడిగా గడువులు ఇస్తుంది. 2024-25లో సెప్టెంబర్ 30 వరకు రద్దు చేసుకున్నవాళ్లకు పూర్తి ఫీజు, అక్టోబర్ 31 వరకు అయితే ₹1,000కి మించకుండా పట్టుకుని మిగతాది ఇవ్వాలని చెప్పింది. మీ సంవత్సరానికి అలాంటి సర్క్యులర్ ఉందేమో చూసుకుని, ఉంటే దాని కాపీ జత చేయండి. ఈఏపీసెట్ లాంటి కౌన్సెలింగ్ నడుస్తుండగానే సీటు రద్దు చేసుకుంటే అది కన్వీనర్ దగ్గర తేలాల్సిన విషయం. యూనివర్సిటీ ఫైనాన్స్ విభాగానికి దానితో పని లేదు.

జత చేయాల్సినవి

కాషన్ డిపాజిట్‌కైతే నో డ్యూస్ సర్టిఫికెట్, అంటే బకాయిలు లేవన్న పత్రం, ప్రాణం. లైబ్రరీ, హాస్టల్, మెస్, ల్యాబ్, స్పోర్ట్స్, మీ డిపార్ట్‌మెంట్, ఇన్ని చోట్ల సంతకాలు కావాలి. హాస్టల్ మెస్ బిల్లు చివరి నెలది ఆలస్యంగా తేలుతుంది కనుక దానితోనే మొదలుపెట్టండి. టీసీ కాపీ, డబ్బు కట్టిన రసీదు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్డ్ చెక్కు కూడా పెట్టాలి. ముందస్తు రసీదు (డబ్బు పడకముందే అందినట్టు రాసిచ్చేది) అడిగితే, మొత్తం ₹5,000 దాటినప్పుడు ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయాలి. ఫీజు వాపసుకైతే సీటు రద్దు ఉత్తర్వు కాపీ లేకుండా పైన చెప్పినవన్నీ ఉన్నా ఫైల్ కదలదు.

దరఖాస్తు పొడుగ్గా అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"విషయం: కాషన్ డిపాజిట్ వాపసు గురించి. నేను ఫలానా కోర్సు, ఫలానా హాల్‌టికెట్ నంబరు, ఫలానా సంవత్సరాల్లో చదివాను. అడ్మిషన్ సమయంలో ఫలానా తేదీన, ఫలానా రసీదు నంబరుతో ఇన్ని రూపాయలు కాషన్ డిపాజిట్‌గా కట్టాను. కోర్సు పూర్తయింది, బకాయిలు ఏమీ లేవు. ఆ మొత్తాన్ని కింద ఇచ్చిన నా బ్యాంకు ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను."

'ద్వారా' అని రాసి ప్రిన్సిపాల్ లేదా విభాగాధిపతి సంతకంతో పంపండి. కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చినప్పుడు మీ దగ్గరి కాపీ మీద తేదీ ముద్ర, నంబరు వేయించుకోండి. తర్వాత ఎవరిని అడిగినా మొదట అడిగేది ఆ నంబరే.

బ్యాంకు వివరాల దగ్గర జాగ్రత్త

మా తమ్ముడి ఫైల్ అన్ని సంతకాలూ దాటి, ఆడిట్ కూడా అయ్యాక, చివరి మెట్టు మీద ఆగింది. చేత్తో రాసిన ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు బ్రాంచిని గుర్తించే) కోడ్‌లో సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పడింది. కోడ్‌లో అంకెలు, అక్షరాలు కలిపి 11 ఉంటాయి, అందులో ఐదోది ఎప్పుడూ సున్నాయే. ఆ ఒక్క అక్షరానికి రెండు నెలలు పోయాయి. "పాస్‌బుక్ జిరాక్స్ పెట్టావు కదా, అందులో చూసుకోవచ్చు కదా" అని మా అమ్మ వాదించింది కానీ, అక్కడ టైప్ చేసేవాళ్లు దరఖాస్తులో ఉన్నదే కొడతారు.

పాత పాస్‌బుక్ కాపీలతో ఇంకో చిక్కు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో, సిండికేట్ బ్యాంక్ అదే రోజు కెనరాలో కలిశాయి. పాత కోడ్‌లు ఇప్పుడు పనిచేయవు. ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులు కూడా 2025 మేలో ఒకటయ్యాయి. బ్రాంచికి వెళ్లి కొత్త కోడ్ ఉన్న పేజీ ప్రింట్ చేయించుకోండి. స్కాలర్‌షిప్ కోసం తెరిచి వదిలేసిన ఖాతాలో రెండేళ్లు మీ వైపు నుంచి లావాదేవీ లేకపోతే అది నిద్రాణ ఖాతా కింద పోతుంది, ముందే కేవైసీ ఇచ్చి లేపండి. ఖాతాలో పడక తిరిగొచ్చిన నెఫ్ట్ (బ్యాంకు బదిలీ)ను మళ్లీ పంపాలంటే మళ్లీ నోట్, మళ్లీ సంతకాలు.

ఎప్పుడు ఇవ్వాలి, ఆలస్యమైతే ఏం చేయాలి

మార్చిలో ఇవ్వకండి. ఆర్థిక సంవత్సరం 31తో ముగుస్తుంది, ఆ నెలంతా పెద్ద బిల్లుల హడావిడే. అలాగని కోర్సు అయ్యాక ఏళ్ల తరబడి ఊరుకోనూ వద్దు. కొన్ని చోట్ల ఇన్నేళ్లలో అడగకపోతే డిపాజిట్ తిరిగి రాదని ప్రాస్పెక్టస్‌లోనే ఉంటుంది.

నెల దాటినా కదలిక లేకపోతే ఇన్‌వర్డ్ నంబరు రాసి రిజిస్ట్రార్‌కు రిమైండర్ ఇవ్వండి. తర్వాత విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవచ్చు. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, దాని మీద 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు (ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ₹10 రుసుముతో ఇచ్చే సమాచార హక్కు దరఖాస్తు. "డబ్బు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే జారిపోయే జవాబు వస్తుంది. "ఫలానా ఇన్‌వర్డ్ నంబరు దరఖాస్తు ఈరోజుకు ఏ సీటులో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, నోట్ ఫైల్ నకలు ఇవ్వండి" అని అడగండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి. నా విషయంలో జవాబు కంటే ముందు డబ్బే పడింది.