ఎండలు ముదరకముందే తామర సంగతి చూసుకోండి

శివరాత్రి దాటితే కడపలో ఎండ మొదలైనట్టే. ఏప్రిల్, మేలో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలు. వడదెబ్బకు మజ్జిగ, గొడుగు సిద్ధం చేసుకుంటాం కానీ చర్మం సంగతి ఎవరికీ పట్టదు. చలికాలంలో గజ్జల్లోనో నడుము దగ్గరో రూపాయి బిళ్ళంత ఉన్న తామర (ఫంగస్ వల్ల వచ్చే చర్మరోగం), చెమటలు పట్టేసరికి అరచేయంత అవుతుంది. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంటే చాలావరకు అది తామరే.

అసలు నష్టం మందుల షాపులో మొదలవుతుంది. "అన్నా, దురదకు ఏదన్నా ఇయ్యి" అంటాం, ఒక ట్యూబు చేతిలో పెడతారు. దాని మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ మాత్రం చావదు. పైగా దాన్ని అడ్డుకునే శక్తి చర్మానికి తగ్గుతుంది. ట్యూబు ఆపగానే ఇంకా పెద్దదిగా లేస్తుంది. తొడల్లో చర్మం పలచబడి పడిన చారలు ఇక పోవు. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. అమ్మకం ఆగిందా అంటే, మీకే తెలుసు.

స్కిన్ డాక్టరు మచ్చ అంచున బ్లేడుతో కాస్త పొట్టు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. నొప్పేమీ ఉండదు. ఫంగస్ అని తేలితే క్రీమో మాత్రలో వారాల తరబడి వాడాలి. మచ్చ పోయిందని మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి వాడాలి. తువ్వాలు, లోదుస్తులు వేరుగా పెట్టి, వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. ఎండకు మనకేం కొదవ! ఇంకోటి, మొలతాడు. చెమటకు రోజంతా తడిగా ఉండి ఫంగస్‌కు అదే ఇల్లు. తగ్గేదాకా తీసేయమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, అయినా తీయాల్సిందే. జిల్లేడు పాలు మాత్రం పూయకండి, చర్మం కాలి పుండవుతుంది.

పిల్లల చెమటకాయలకు పౌడరు దట్టించడం కంటే చన్నీళ్ళ స్నానం, వదులు నూలుబట్టలు మేలు. మంగు ఉన్నవాళ్ళు ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకుని, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. చేలో వయ్యారిభామ పీకేటప్పుడు చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

దురద, స్పర్శ రెండూ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే వేసవి దాకా ఆగొద్దు. అది కుష్టు కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం, 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది.

రిమ్స్ ప్రభుత్వాసుపత్రి ఓపీకి పోయినా, ప్రైవేటుకు పోయినా, ఇదివరకు వాడిన ట్యూబులు ఖాళీవైనా సరే సంచిలో వేసుకుని పోండి. ఆ పొద్దున ఏ క్రీమూ పూసుకోకండి.