చిన్న బృందానికి సొంత చర్చావేదిక: సాఫ్ట్‌వేర్ ఎంపిక నుంచి ప్రారంభం దాకా ఎలా చేయాలి?

విజయవాడలో నెలకొకసారి కలుసుకునే మా పాఠకుల బృందంలో రిటైరైన ఉపాధ్యాయులు, ఇంజనీరింగ్ విద్యార్థులు, డీటీపీ పని చేసేవారు ఉన్నారు. జనవరిలో పుస్తక మహోత్సవం మొదలవగానే ఏ స్టాల్‌లో ఏ పుస్తకం ఉందో, ఏ పాత నవల మళ్ళీ అచ్చయిందో చెబుతూ వాట్సాప్ గ్రూపులో సందేశాలు వెల్లువెత్తుతాయి. వేసవి వచ్చేసరికి వాటిలో ఒక్కటి వెతికి తీయాలన్నా వేలు నొప్పి పుట్టేదాకా పైకి జరుపుతూ పోవాలి. మాటలు నిలిచి ఉండే చోటు ఒకటి మనకంటూ కావాలని మేము అనుకున్నది అందుకే. అపార్ట్‌మెంట్ సంఘానికైనా, పూర్వ విద్యార్థులకైనా, గుంటూరు మిర్చి రైతుల బృందానికైనా ఇదే దారి పనికివస్తుంది. సాంకేతిక పని తెలిసినవారు ఒకరు తోడుంటే చాలు; మిగిలిన నిర్ణయాలు అందరూ కూర్చుని తీసుకోదగినవే.

1. లోపలికి వెళ్ళే ముందు బయటికి దారి చూసుకోండి

ఏ సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించినా అందులో ఏ సౌకర్యాలున్నాయని అడగకముందే, రేపు దీన్ని వదిలేయవలసి వస్తే మన రాతలు మనతో వస్తాయా అని అడగాలి. గూగుల్ నడిపిన సామాజిక వేదిక ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్ 15న ఆగిపోయాయి. మన దేశంలోనే పుట్టిన, ట్విట్టర్ తరహా వేదిక ‘కూ’ 2024 జూలైలో సేవలు నిలిపివేసింది. పెద్ద సంస్థ కాబట్టి ఎప్పటికీ ఉంటుందన్న ధీమా నిలవదని ఈ తేదీలు చెబుతున్నాయి.

మా బృందానికీ ఇది జరిగింది. ఒక ఉచిత సేవలో ఐదేళ్ళపాటు రాసుకున్న పుస్తక పరిచయాలన్నీ ఒక్క నెలలో పోయాయి. మూసివేస్తున్నామన్న నోటీసు ఎవరూ తెరవని పాత మెయిల్ చిరునామాకు వచ్చింది. ఆ పరిచయాలలో రెండింటిని రాసిన మాస్టారు ఇప్పుడు లేరు, వాటి నకలు ఎవరి దగ్గరా లేదు. అప్పటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మూడు విషయాలతో తూచడం అలవాటైంది. మొత్తం సమాచారాన్ని మరొక ప్రోగ్రాము చదవగల రూపంలో ఒక్క ఆదేశంతో దించుకోగలగాలి. సోర్స్ కోడ్ (ప్రోగ్రాము అసలు రాత) ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా లైసెన్సు కింద ఉండాలి. డొమైన్ పేరు (సైటు వెబ్ చిరునామా) బృందం పేరున ఉండాలే తప్ప ఉత్సాహంగా ముందుకొచ్చిన ఒక్క కుర్రవాడి సొంత మెయిల్‌తో నమోదు కాకూడదు. ఆ అబ్బాయి ఉద్యోగానికి ఇంకో దేశం వెళితే రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ కూడా అతనితోనే వెళ్ళిపోతుంది.

లైసెన్సు సంగతి వకీళ్ళ వ్యవహారమని కొట్టిపారేయవద్దు. చాలా వేదికల వెనుక పనిచేసే రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో తన స్వేచ్ఛా లైసెన్సును వదిలేసినప్పుడు, పాత స్వేచ్ఛా కోడ్ ఆధారంగానే లినక్స్ ఫౌండేషన్ అండతో వాల్కీ అనే శాఖ వెంటనే మొదలైంది. రెడిస్ కూడా 2025లో మళ్ళీ ఒక స్వేచ్ఛా లైసెన్సును చేర్చింది. కోడ్ మొదట స్వేచ్ఛగా ఉండబట్టే దాన్ని వాడుతున్నవారికి ఆ ప్రత్యామ్నాయం దొరికింది.

2. మీకు కావలసింది కబుర్లా, చర్చా, ప్రకటనలా?

ఈ ప్రశ్నకు ఒక్క సాయంత్రం చాలు. క్షణాల మీద జవాబు కావలసిన కబుర్లకు వాట్సాప్ ఎలాగూ ఉంది, దాన్ని మాన్పించే ప్రయత్నం చేయకండి. ఒక అంశం కింద నెలల తరబడి జవాబులు చేరుతూ, తరువాత వచ్చినవారు మొదటి నుంచి చదువుకోవాలంటే చర్చావేదిక కావాలి. బయటివారికి మీ కబురు అందాలంటే ట్విట్టర్‌లా కొత్త రాతలు వరుసగా కనిపించే మాస్టొడాన్ వంటి వేదిక సరిపోతుంది. మా అవసరం రెండోది కాబట్టి ఇకపై ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

3. కొత్తగా రాయకండి, ఉన్నదాన్ని ఎంచుకోండి

విజయవాడ, గుంటూరు చుట్టూ ఇంజనీరింగ్ కళాశాలలకు కొదవ లేదు కనుక, మీ బృందంలో ఒక విద్యార్థి తప్పకుండా లేచి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా యాప్ తానే రాసిపెడతానంటాడు. ఇప్పుడు కృత్రిమ మేధ సాయంతో వారం రోజుల్లో చూడచక్కని తెరలు తయారవుతాయి కూడా. అయినా వద్దని మృదువుగా చెప్పండి. లాగిన్, పాస్‌వర్డ్ మార్పిడి, చెత్త సందేశాల నివారణ, భద్రతా సవరణలు ఏళ్ళ తరబడి సాగే పనులు. ప్రాజెక్టుకు మార్కులు పడ్డాక వాటిని చూసేవారుండరు. ఆ అబ్బాయి శక్తికి తగిన పని మరొకటి ఉంది, దాన్ని నాలుగో అంశంలో చెబుతాను.

సిద్ధంగా ఉన్నవాటిలో డిస్కోర్స్ 2013లో మొదలైంది. రూబీ ఆన్ రైల్స్‌లో రాసిన ఈ వేదిక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తుంది, ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి ఒక పెట్టెలా నడిపే డాకర్ ద్వారా ఇన్‌స్టాల్ చేయాలి కాబట్టి అద్దెకు తీసుకునే సొంత వర్చువల్ సర్వర్ తప్పనిసరి. పీహెచ్‌పీలో రాసిన ఫ్లారమ్ ఒకే సర్వర్‌ను పలువురు పంచుకునే సాధారణ షేర్డ్ హోస్టింగ్‌లో కూడా సర్దుకుంటుంది, కనుక డబ్బు తక్కువున్న బృందాలకు నేను దాన్నే చెబుతాను. నోడ్‌బీబీ జావాస్క్రిప్ట్‌లో ఉంది కాబట్టి కుర్రవాళ్ళకు సులభంగా చేతికి వస్తుంది.

ఇక్కడే కొత్త ధోరణిని గమనించాలి. వేరువేరు సర్వర్ల మీద ఉన్నవారు ఒకరినొకరు అనుసరించేందుకు, జవాబులు రాసుకునేందుకు వీలు కల్పించే యాక్టివిటీపబ్ అనే ఒప్పందాన్ని, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. ఈమెయిల్ ఎలాగైతే ఏ కంపెనీ దగ్గర ఖాతా ఉన్నా ఎవరికైనా చేరుతుందో, ఇదీ అలాగే. 2016లో వచ్చిన మాస్టొడాన్ ఇప్పుడు దీని మీదే నడుస్తుంది. డిస్కోర్స్‌కు, వర్డ్‌ప్రెస్‌కు దీని ప్లగిన్లు (అదనంగా తగిలించుకునే భాగాలు) ఉన్నాయి. నోడ్‌బీబీ నాలుగో వెర్షన్ నుంచి దీన్ని తనలోనే కలుపుకుంది. మెటా సంస్థ థ్రెడ్స్ కూడా కొంతమేరకు చేరింది. అదే తరహా వేదిక బ్లూస్కై ఏటీ ప్రోటోకాల్ అనే వేరే ఒప్పందంతో నడుస్తూ 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచింది. అయితే ఒక్క హెచ్చరిక: మాస్టొడాన్‌లో ఒక సర్వర్ నుంచి మరొకదానికి మారితే అనుచరులు మీతో వస్తారు కానీ పాత రాతలు రావు. ఒప్పందం ఉన్నంత మాత్రాన మొదటి అంశంలోని తనిఖీ తప్పదన్నమాట. వేదికను ఎంచుకునేటప్పుడు యాక్టివిటీపబ్‌కు దారి ఉందో లేదో చూసుకోండి, కానీ తొలి ఆరు నెలలు దాన్ని ఆన్ చేయకండి. సొంత ఇల్లు సర్దుకోకముందే ఊరందరినీ పిలిస్తే పర్యవేక్షణ చేతులు దాటుతుంది.

4. తెలుగుతో పరీక్షించండి

ప్రచార పేజీలో బహుభాషా మద్దతు అని రాసి ఉంటే సంతృప్తి పడకండి. డెమో సైట్ తెరిచి, మీరు రోజూ రాసే తెలుగును అందులో రాసి చూడండి.

గుంటూరు అన్న మాటనే తీసుకోండి. కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలకు అంకెలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌కు మాత్రం గ, ఉకారం, సున్న, ట, ఊకారం, ర, ఉకారం అని ఏడు గుర్తులు. వాటిని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. ఇదే మాట పేజీ శీర్షికలో ఉండి, ఆ శీర్షికే వెబ్ చిరునామాగా మారితే, ఒక్కో బైటు శాతం గుర్తుతో సహా మూడు గుర్తులై 63 గుర్తులవుతుంది. నాలుగు మాటల శీర్షిక ఉన్న లింకును వాట్సాప్‌లో అతికిస్తే తెర నిండా అర్థం కాని గీతలు కనిపించడానికి, అది మోసపు లింకేమో అని పెద్దలు భయపడటానికి కారణం ఇదే. చిరునామాలో శీర్షిక లేకుండా అంకె మాత్రమే ఉండే అమరిక ఉందేమో వెతికి, దాన్ని ఎంచుకోండి.

తరువాత కనీస పొడవు చూడండి. డిస్కోర్స్ మామూలు అమరికలో జవాబుకు కనీసం 20 గుర్తులు, శీర్షికకు 15 ఉండాలి. ‘చాలా బాగుంది’ అన్నది ఖాళీతో కలిపి 12 గుర్తులే కాబట్టి దాన్ని తిప్పికొడుతుంది. మొదటిసారి రాసిన డెబ్బై ఏళ్ళ పాఠకురాలికి ఎర్ర అక్షరాల హెచ్చరిక ఎదురైతే ఆవిడ రెండోసారి రాయరు. ఆ అంకెను ముందే తగ్గించండి.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష అన్వేషణ. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే పద విశ్లేషణ (మాట వేర్వేరు రూపాలను దాని మూలానికి కలిపే పని) ఇంగ్లీషుకు, హిందీకి, తమిళానికి ఉంది, తెలుగుకు లేదు. అందువల్ల ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాన్ని’, ‘పుస్తకాలు’ అని ఉన్న రాతలు దొరకకపోవచ్చు. ‘పుస్తక’ అని సగం మాట రాస్తే దొరికే వీలుందేమో చూడాలి. మన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళలో చాలామంది ‘చదవటం’ అని రాస్తే మరొకరు ‘చదవడం’ అంటారు. ‘వాళ్ళు’, ‘వాళ్లు’ రెండూ చెల్లుతాయి. వీటికంటే చిక్కయినది ‘సాఫ్ట్‌వేర్’, ‘సాఫ్ట్వేర్’ అన్న జంట. మొదటిదానిలో ట కింద వ వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంది. కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మనిషి రెండింటినీ ఒకటిగానే చదువుతాడు, యంత్రానికి అవి రెండు వేరు మాటలు.

విద్యార్థికి అప్పగించవలసిన పని ఇదే. పద విశ్లేషణ నియమాలు రాయడానికి స్నోబాల్ అనే చిన్న భాష ఉంది, పోస్ట్‌గ్రెస్ వాడుతున్నవి అందులో రాసిన నియమాలే. విభక్తులను, బహువచనాలను ఒలిచి తెలుగు మాట మూలాన్ని పట్టుకునే నియమాలను ఒక బ్యాచ్ విద్యార్థులు శ్రద్ధగా రాస్తే, అది మన ఒక్క బృందానికే కాక తెలుగులో వెతికే ప్రతి సైటుకూ పనికివస్తుంది. మరో యాప్ కంటే ఇది ఎన్నో రెట్లు విలువైన ప్రాజెక్టు అని నా గట్టి నమ్మకం.

ఇంకో రెండు చిన్న తనిఖీలు ఉన్నాయి. ‘రాష్ట్రం’ వంటి మాటలున్న పేరాను పెట్టి, పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను తాకుతున్నాయేమో చూడండి. తాకితే వరుసల మధ్య ఎడాన్ని అక్షర పరిమాణానికి 1.6 రెట్లకు పెంచి, మండలి లేదా నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును పెట్టండి. రెండోది మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది: అచ్చు పనిలో స్థిరపడిన అను ఫాంట్లతో టైపు చేసిన వ్యాసాలు యూనికోడ్ కావు. వాటిని నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే పరికరం లింకును, మార్చాక ఒకసారి దిద్దుకోవాలన్న సూచనను వ్యాసం రాసే పెట్టె పైనే ఉంచండి.

5. సర్వర్, మెయిల్, బ్యాకప్

డిస్కోర్స్‌కు 1 జీబీ మెమరీతో పని మొదలుపెట్టవచ్చు గానీ 2 జీబీ ఉంటే నిశ్చింత. ఏడాది ఖర్చును ముందే చందాగా వసూలు చేసుకోండి, నెలనెలా అడగడం బృందాల్ని అలసిపోయేలా చేస్తుంది. మెయిల్‌ను సొంత సర్వర్ నుంచి పంపే ప్రయత్నం చేయకండి. చాలా క్లౌడ్ కంపెనీలు ఆ దారిని మూసే ఉంచుతాయి, పైగా 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పంపేవారి గుర్తింపును కట్టుదిట్టంగా అడుగుతోంది. ఒక మెయిల్ సేవ తీసుకుని, వారు చెప్పిన ఎస్పీఎఫ్, డీకేఐఎం వివరాలను (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపేవి) డొమైన్‌లో చేర్చండి.

బ్యాకప్ రోజూ జరుగుతోందని మేము ఎనిమిది నెలలు నమ్మాము. సర్వర్ మార్చిన రోజున ఆ ఫైలును తెరిస్తే రాతలన్నీ ఉన్నాయి, ఫోటోలు ఒక్కటీ లేవు. అప్‌లోడ్‌లను కూడా కలపాలన్న అమరికను ఎవరూ పెట్టలేదు. పాత సర్వర్ ఇంకా నడుస్తోంది కాబట్టి అవి దక్కాయి. అందుచేత మూడు నెలలకొకసారి, ఖాళీ సర్వర్ మీద బ్యాకప్‌ను నిజంగా పునరుద్ధరించి, ఒక పాత చర్చలోని బొమ్మ తెరుచుకుంటోందో లేదో చూడండి.

ఇటీవలి బెడద ఇంకొకటి ఉంది. కృత్రిమ మేధ కోసం సమాచారం పోగుచేసే క్రాలర్లు (సైట్లను వాటంతటవే తిరిగి చదివే ప్రోగ్రాములు) చిన్న సర్వర్లను ఊపిరాడనివ్వడం లేదు. ఏ పేజీలు చదవవద్దో వాటికి చెప్పే రోబోట్స్ ఫైలులో రాసేది విన్నపం మాత్రమే, ఆజ్ఞ కాదు. 2025లో వచ్చిన అనూబిస్ వంటి అడ్డుగోడ పెట్టడమో, పాత చర్చలను సభ్యులకే పరిమితం చేయడమో చేయవచ్చు. సభ్యుల సొంత విషయాలున్న విభాగాన్ని ఎలాగూ మూసే ఉంచాలి.

మార్పులు కావలసివస్తే ప్లగిన్‌గానో థీమ్‌గానో చేయించండి. అసలు కోడ్‌లో చేయి పెడితే తరువాతి అప్‌డేట్‌తో ఆ మార్పు పోతుంది, లేదా అప్‌డేట్లే ఆగిపోతాయి, రెండోది ప్రమాదకరం.

6. మనుషుల ఏర్పాట్లు

పర్యవేక్షకులు కనీసం ముగ్గురుండాలి. నియమాలు ఒక పేజీ దాటకూడదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో, ఆ వ్యక్తిని ఎలా చేరాలో సైట్‌లో కనిపించేలా రాయాలి. 2021 నాటి ఐటీ నియమాలు ఇతరుల రాతలకు చోటిచ్చే వేదికలను అడిగేది కూడా అదే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చేసిన చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగా పరిగణించి, వారి వివరాలు తీసుకునేందుకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. ఇంటర్ విద్యార్థులు చేరే బృందాలు ఈ సంగతి మొదటి రోజే మాట్లాడుకోవాలి. పుట్టినతేదీ, చిరునామా, ఫోన్ నంబరు వంటివి అవసరం లేకపోతే అడగనే వద్దు.

7. ప్రారంభం

మొదట పదిమందినే పిలవండి. వారిలో ఫోనులోనే అన్నీ చూసేవారు, చత్వారం కళ్ళద్దాల వారు, టైపింగ్ రాక మాటను రాతగా మార్చే సదుపాయం వాడేవారు ఉండాలి. వారి పక్కన కూర్చుని, ఎక్కడ వేలు ఆగిపోతోందో గమనించండి. ఖాళీ వేదికలో ఎవరూ మొదటి మాట రాయరు కాబట్టి వాట్సాప్‌లో మిగిలిన మంచి సందేశాలను, రాసినవారి అనుమతితో, అంశాలవారీగా ముందే చేర్చిపెట్టండి. మేము ముప్పై చేర్చాము.

వంద మందిని పిలిచే ముందు రోజు, డొమైన్, సర్వర్, మెయిల్ సేవల వివరాలను ఒక కాగితం మీద రాసి రెండు కవర్లలో ఉంచి, వేరువేరు ఇళ్ళలో ఉండే ఇద్దరికి ఇవ్వండి. మొత్తం సమాచారాన్ని ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్ వృత్తిలో లేని ఒక సభ్యుని చేత తెరిపించి చూడండి. మా బృందంలో ఆ పెన్‌డ్రైవ్ మరో రిటైరైన తెలుగు మాస్టారి బీరువాలో ఉంటుంది. ప్రతి మూడో సమావేశానికి ఆయన దాన్ని తీసుకువస్తారు, ఎవరో ఒకరు అందులోని పాత పరిచయం ఒకటి పైకి చదివాక కొత్త నకలు వేసి తిరిగి ఆయన చేతికిస్తాము.