రాని వారి పేర్లతో మొదలుపెట్టండి: పేటలోని ఆరోగ్య కేంద్రం ఇంటింటికీ చేరే విధానం

ఆరోగ్య కేంద్రంలో అందరి చూపూ ఓపీ రిజిస్టరు మీదే ఉంటుంది. రోజుకు ఎంతమంది వచ్చారో అందులో తెలుస్తుంది గాని, రావలసి ఉండి రానివారెవరో తెలియదు. కేంద్రం దాటి బయట చేసే పనంతా ఆ రానివారి కోసమే. కాబట్టి సిబ్బందీ, వారితో తిరిగే కార్యకర్తలూ కరపత్రాలు పంచడంతో కాక, పేర్ల జాబితాతో పని మొదలుపెట్టాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1940లో దక్షిణాఫ్రికాలోని ఫొలేలాలో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే వైద్య దంపతులు ఆరోగ్య కేంద్రం ప్రారంభించినప్పుడు, చుట్టూ ఒక హద్దు గీసుకొని, అందులోని ఇళ్లకు కార్యకర్తలను పంపి వివరాలు రాయించారు. వైద్యసేవలు ప్రజలు నివసించే, పనిచేసే చోట్లకు వీలైనంత దగ్గరగా ఉండాలని, ప్రాథమిక ఆరోగ్య సేవలపై ఆల్మా ఆటా నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం 1978లో వెలువరించిన ప్రకటన చెప్పింది.

ముందుగా మీ కేంద్రంలో ఏ సేవలు నిజంగా అందుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, బీపీ, షుగరు పరీక్షలు, వాటికి నెలనెలా మందులు, కఫం పరీక్ష, పుండ్లకు కట్టు వంటివాటిలో ఏది ఏ రోజున, ఏ వేళలో దొరుకుతుందో, దొరకని సేవకు ఎక్కడికి పంపుతారో అందులో ఉండాలి. ఫలానా మందు ఉందని గుమ్మం ముందు చెప్పి, వారు పని మానుకొని వచ్చిన రోజున లేదంటే, ఆ ఇంటివారు మీ మాట మళ్లీ నమ్మరు.

తరువాత మీ పరిధిని వీధులవారీగా విడదీసి, ఇంటికొక పేజీ కేటాయించి, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, దీర్ఘకాలం మందులు వాడేవారు, మంచం పట్టినవారు ఎవరో నమోదు చేయండి. ఆ పేజీలను కేంద్రంలోని రిజిస్టర్లతో సరిచూస్తే నాలుగు జాబితాలు తేలతాయి: మందుల గడువు దాటినా తిరిగి రాని బీపీ, షుగరు రోగులు, డోసు తప్పిన పిల్లలు, మూడో నెల దాటినా పేరు నమోదు కాని గర్భిణులు, క్షయ మందులు మధ్యలో ఆపినవారు. మామూలు క్షయకు మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడుతుంది కనుక చాలామంది అక్కడే ఆపేస్తారు. అందువల్ల నాలుగో జాబితాను వారం వారం చూడాలి.

జాబితాలోని పేర్లను వీధుల వారీగా కూడా పరచి చూడండి. తట్టు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి దాదాపు 95 మందికి రక్షణ ఉండాలి. 90 మందికి టీకా వేశామని కేంద్రం సంతోషించవచ్చు గాని, మిగిలిన పదిమందీ ఒకే సందులో ఉంటే తట్టు ఆ సందునే వెతుక్కుంటుంది.

ఇళ్లకు వెళ్లేటప్పుడు ఇద్దరు కలిసి, పనికి పోయినవారు తిరిగివచ్చే వేళకు వెళ్లడం మంచిది. "మందులు వేసుకుంటున్నారా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు. మందుల డబ్బా చూపించమని మర్యాదగా అడిగి మాత్రలు లెక్కపెట్టండి. రోజుకొకటి చొప్పున ముప్ఫై మాత్రలు ఇచ్చి ఇరవై రోజులైతే డబ్బాలో పది ఉండాలి. పద్దెనిమిది కనిపిస్తే ఎనిమిది రోజులు తప్పాయన్నమాట. అప్పుడు తప్పు పట్టినట్లు కాకుండా, "ఏ రోజుల్లో వేసుకోవడం కుదరడం లేదమ్మా?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. తల తిరగడం తగ్గింది గదా అని మానేశామనేవారే ఎక్కువ. బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపదనీ, మందు వాడుతున్నందువల్లనే అది అదుపులో ఉందనీ అప్పుడే, అక్కడే చెప్పాలి.

జబ్బు పేరు గుమ్మంలో పలకకండి. క్షయ అయినా, గర్భం అయినా, పక్కింటివారి చెవిన పడితే ఆ మనిషి కేంద్రం వైపు రావడమే మానుకోవచ్చు. "కేంద్రం నుంచి వచ్చాం, మీతో ఒక్క మాట" అంటే చాలు.

వైద్య శిబిరాల విషయంలో నాకు కొంత అనుమానం ఉంది. నేను పాల్గొన్న ఒక శిబిరంలో ఎండలో నడిచి వచ్చినవారిని వరుసలో నిలబెట్టి, కూర్చున్న మరుక్షణమే బీపీ చూశాం. చాలామందికి ఎక్కువగా వచ్చింది. వారం తరువాత కేంద్రానికి వచ్చినవారికి మళ్లీ చూస్తే వారిలో పలువురికి మామూలుగానే ఉంది. రానివారిని వెతుకుదామంటే చిరునామాలు రాసుకోలేదు. శిబిరం పెట్టక తప్పదనుకుంటే కుర్చీలు ఎక్కువగా వేయించండి. ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు, పాదాలు నేలపై, చేయి గుండె ఎత్తులో ఉండేలా చూసి, చేతి లావుకు సరిపోయే పట్టీ కట్టి, నిమిషం వ్యవధిలో రెండుసార్లు కొలవండి. కాఫీ, టీ, పొగ తాగి అరగంట కాకపోతే ఆగమనండి. 140/90 లేదా అంతకు మించి వస్తే ఒక్కరోజు కొలతతోనే జబ్బు అని ముద్ర వేయకుండా, మళ్లీ రావలసిన తేదీ చీటీపై రాసి ఇచ్చి, పేరు, ఇల్లు, ఫోను నంబరు మీ పుస్తకంలో ఎక్కించండి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, మాట తడబడటం వంటివి కనిపిస్తే తేదీలు రాస్తూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

వీధిలో టీకాలు వేసే రోజున సీసాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడి సంగతి అందరికీ గుర్తుంటుంది గాని, గడ్డకడితే పాడయ్యే టీకాలు కూడా ఉన్నాయన్నది మరిచిపోతారు. గట్టిగా గడ్డకట్టిన ఐసు పలకలను అలాగే పెట్టెలో పెట్టకుండా, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా బయట ఉంచండి. టీకా వేసిన తరువాత కనీసం పావుగంట అక్కడే కూర్చోబెట్టాలి.

ఇళ్లలో తిరిగేటప్పుడు జాబితాలో లేనివారు కూడా ఎదురవుతారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్షకు రమ్మనండి. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు ఉన్న పిల్లలకు భుజానికీ మోచేతికీ నడిమధ్యన చేతి చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆ రోజే కేంద్రానికి చేర్చాలి. విరేచనాలవుతున్న బిడ్డ కనిపిస్తే ఓఆర్‌ఎస్ పొట్లం ఇచ్చి వచ్చేయకుండా, తల్లి చేత అక్కడే కలిపించి మొదటి చెంచాలు తాగించేదాకా ఉండండి. పాలు తాగలేని, మగతగా పడి ఉన్న, మూర్ఛ వచ్చిన పసిబిడ్డను మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.

నెలాఖరున ఎన్ని ఇళ్లకు వెళ్లామన్న లెక్క ఒక్క వాక్యంలో రాసి వదిలేయండి. జాబితాలోని పేర్లలో ఎందరు కేంద్రానికి వచ్చారో, వచ్చినవారిలో ఎందరికి మందు లేదా టీకా అందిందో వీధులవారీగా రాయండి. ఇల్లు మారినవారి పేర్లను కొట్టివేయకుండా విడిగా ఒక పేజీలో ఉంచి, వారు వెళ్లిన చోటి కేంద్రానికి కబురు పంపండి. రెండు నెలలు వరుసగా మిగిలిపోయిన పేర్ల ఎదుట కారణం కోసం ఖాళీ గడి వదిలి, మూడో నెలలో ఆ ఇళ్లకు వేరే కార్యకర్తను పంపండి.